కింద చల్లగుంది

నమోదు 1

ఈ కాగితాలు నా తర్వాత ఈ పనికి వచ్చేవాళ్ళ కోసం రాస్తున్నాను. పనికి ఇంకా సరైన పేరు లేదు. కమిటీవాళ్ళు 'వినే పని' అంటున్నారు. మూడో వార్డులో డ్యూటీ దిగే నర్సు, డ్యూటీ ఎక్కే నర్సుకి రోగుల్ని అప్పగిస్తున్నప్పుడు పక్కన నిలబడి వినాలి, అంతే. ఆ వార్డులో పోతున్నవాళ్ళలో సగానికి పైగా అప్పగింత అయిన మొదటి గంటలోనే పోతున్నారు. ఎందుకో కనిపెట్టమన్నారు. మనమంతా ఇలా నేల కిందికి చేరకముందు, పైన యూనివర్సిటీలు నడిచిన రోజుల్లో నేను స్టాటిస్టిక్స్ పాఠాలు చెప్పేదాన్ని. కమిటీకి అది చాలింది. నాకు చాలుతుందో లేదో తెలియదు.

వార్డంటే పాత బొగ్గు గనిలో ఒక సొరంగం, పన్నెండు ఇనప మంచాలు. ప్రతి మంచం తలాపునా ఒక నల్లటి తెర ఉంది. గుండె ఎలా కొట్టుకుంటోందో, ఊపిరి ఎలా ఆడుతోందో ఒకప్పుడు ఆ తెరలే చూసుకునేవి. తేడా వస్తే మోగేవి. వాటి కరెంటు ఇప్పుడు గనిలోకి గాలి తోడే పంకాకి పోతోంది. పంకా ఆగితే రోగులే కాదు, వాళ్ళని చూసుకునేవాళ్ళమూ ఉండం. అందుకని తెరల మీద ఉతికిన కట్టుగుడ్డలు ఆరేసుకుంటున్నాం. వాటి మీద పడ్డ బొగ్గుమసి దులపడం కూడా వినే పనిలోకే వస్తుందట.

నమోదు 3

మొదట గాలి తలుపుల్ని అనుమానించాను. డ్యూటీ మారేటప్పుడు సొరంగం రెండు చివర్లా తలుపులు తెరుస్తారు. పంకా గాలి అటు దారి మళ్ళి, కాసేపు వార్డులో గాలి కదలదు. ఊపిరితిత్తుల రోగికి ఆ కాసేపు చాలదా అనుకున్నాను. కమిటీని బతిమాలి, కొన్నాళ్ళు ఒక తలుపు మూసే ఉంచి, ఒక్కొక్కరినే లోపలికి పంపించాను. చావులు తగ్గలేదు. తలుపు దగ్గర కాపలా మనిషి మాత్రం నన్ను చూస్తే ముఖం తిప్పుకుంటున్నాడు.

కారణం గాలి అయితే బాగుండేది. మనుషుల జోలికి వెళ్ళాల్సిన పని ఉండేది కాదు.

నమోదు 6

ఇవాళ మధ్యాహ్నం సైరన్‌కి కొమురమ్మ డ్యూటీ దిగింది, రాజేశం ఎక్కాడు. వార్డుకి ఒక్క నర్సే. లోపల ఎంతమందికి గాలి సరిపోతుందో చూసే గాలి లెక్క అంతకన్నా ఒప్పుకోదు. కొమురమ్మకి నా వయసే ఉంటుంది. మూడు తరాలుగా గనిలో పనిచేసిన కుటుంబం. రాజేశం ఆమె దగ్గరే పని నేర్చుకున్నాడు, ఇద్దరు పిల్లల తండ్రి, నెమ్మదస్తుడు.

ఆమె మంచం మంచానికీ నడుస్తూ చెప్పింది. "ఒకటో మంచం లింగయ్య, జరం తగ్గింది, గంజి తాగిండు. మూడో మంచం కుట్లు మంచిగున్నయ్, రేపు ఇప్పాలె. అయిదో మంచం ఎల్లవ్వ, పొద్దటి సంది మూత్రం తక్కువొస్తున్నది, నీళ్ళు తాపు." ఒక్క సంగతీ వదల్లేదు. నేను చెవులు రిక్కించుకుని విన్నాను. చివరికి తలుపు దగ్గర ఆగి, రాజేశం భుజం తట్టి, "కింద సల్లగున్నది, పో తమ్మీ" అంది.

"సల్లగుండాలె అక్కా" అన్నాడతను.

ఎల్లవ్వ ఆ గంటలోనే పోయింది.

సాయంత్రం కొమురమ్మ పుట్టగొడుగులు శుభ్రం చేస్తుంటే వెళ్ళి పక్కన కూర్చున్నాను. నేనూ కొన్ని తీసుకుని మట్టి గీకుతూ, ఎల్లవ్వ సంగతి ముందే అనుమానం రాలేదా అని అడిగాను.

"అచ్చింది. పొద్దటి సంది ముసలిదాని ముఖం మంచిగ లేదు. నాకు అప్పుడే భయమైంది."

"మరి రాజేశంకి చెప్పలేదే?"

ఆమె చేతులు ఆగాయి. "మూత్రం తక్కువున్నదని చెప్పిన గదా మేడం. భయమైతున్నదని ఎట్ల చెప్త? అది నా భయం. నా భయం పిలగానికి అంటిస్తనా?"

ఆ తర్వాత ఆమె చెప్పిందంతా నాకు కొత్త. గని నడిచిన రోజుల్లో పైకొచ్చేవాడు దిగేవాడితో 'కింద చల్లగుంది' అనేవాడట. లోపల గని కప్పు కిర్రుమంటున్నా సరే. కప్పు సంగతి పని చూసే సర్దారుకి చెప్పుకుంటారు, దిగేవాడికి కాదు. వాడు ఎలాగూ దిగక తప్పదు. మంచి మాట విని దిగాలి. ఆమె తాత అన్నాడు, తండ్రి అన్నాడు. ఇక్కడ ఆస్పత్రి పెట్టాక వీళ్ళూ అంటున్నారు.

"ఆ మాట అన్నాక అవతలివాళ్ళు ఇంకేమన్నా అడగొచ్చా?"

"అన్నంక అడుగుతే నువ్వు అబద్ధమాడుతున్నవ్ అన్నట్టే. ఎవలడుగుతరు?"

నమోదు 9

నా చెల్లెలు హైమకి ఇదంతా చెప్తే పడీ పడీ నవ్వింది. హైమ పంకా ఇంటిలో మెకానిక్కు. మేమిద్దరం ఒంగోలు నుంచి నడిచొచ్చాం. ఇంటి నుంచి మిగిలినవాళ్ళం ఇద్దరమే. చిన్నప్పటి నుంచీ నేను ఆలోచిస్తూ కూర్చుంటే అది పని కానిచ్చేస్తుంది.

"పంకా గదిలో అడుగుపెడితే అప్పడాలు కాల్తాయే అక్కా. దాన్లోంచి ఒకడు చెమట కారుకుంటా వచ్చి, నాతో చల్లగుందంటాడు. నేనూ చల్లగుండాలంటాను. మొదట్లో నవ్వాపుకోలేక చచ్చేదాన్ని."

"ఇప్పుడు?"

"ఇప్పుడా? ఎవడన్నా అనకపోతే దిగబుద్ధి కాదు."

నేను వార్డులో ఆ మాట ఆపిస్తానన్నాను. హైమ నవ్వడం మానేసింది. "మనం నిన్న కాక మొన్న వచ్చినోళ్ళం. జాగ్రత్తగా చెప్పు. నీకు చెప్పడం రాదు, పాఠం చెప్పడం వచ్చు."

నమోదు 11

ఎంత జాగ్రత్తగా చెప్పినా పాఠంలాగే ఉన్నట్టుంది. కొత్త పద్ధతి ఇది: అప్పగింతలో 'చల్లగుంది' వద్దు. దిగేవాళ్ళు తమకి ఎవరి విషయంలో భయంగా ఉందో నోరు తెరిచి చెప్పాలి. ఎక్కేవాళ్ళు విన్నది తిరిగి చెప్పాలి.

నర్సులందరూ నేల చూశారు. కొమురమ్మ మాత్రం నా వైపే చూసింది. "మా తాత మాట మీకు అడ్డమొచ్చిందా మేడం?"

అవునని చెప్పాలి. "అది కాదు కొమురమ్మా..." అని ఏదో నసిగాను.

నమోదు 17

మొదటి వారాల్లో చావులు తగ్గాయి. కమిటీ ఒకాయన నన్ను చూసి తలూపాడు కూడా. నేను సంబరపడ్డాను. ఆ సంబరం కూడా రాసి పెట్టడం మంచిది, ఎందుకంటే తర్వాత జరిగింది నా విద్యార్థులెవరైనా ముందే చెప్పేవాళ్ళు.

నర్సులు అందరి గురించీ భయం చెప్పడం మొదలుపెట్టారు. ఇవాళ రాజేశం దిగుతూ చెప్పింది నా చెవులతో విన్నాను. "ఒకటో మంచం భయమే. రెండో మంచం భయమే. మూడో మంచం గూడ భయమే అనుకో." పన్నెండింటికీ చెప్పాడు. ఎక్కిన అమ్మాయి పన్నెండూ తిరిగి అప్పజెప్పింది. తొమ్మిదో మంచం మనిషి పోయేటప్పుడు ఆమె రెండో మంచం దగ్గర జ్వరం చూస్తోంది.

రాజేశాన్ని పక్కకి పిలిచి అడిగాను, నీకు నిజంగా అందరి విషయంలో భయముందా అని.

"లేదు మేడం. తొమ్మిదో మంచానికే ఉండె. కానీ ఒక్కటి చెప్పి ఇంకోటి పోతే నా మీదికస్తది. అన్నీ చెప్తే ఏదీ రాదు."

నమోదు 20

పద్ధతి మార్చాను. ఒక్క భయమే. దిగే నర్సు పన్నెండు మందిలో ఒక్కరి పేరే చెప్పాలి. ఎక్కే నర్సు మొదటి గంట ఆ మంచం దగ్గరే కూర్చోవాలి.

"ఇద్దరికి భయముంటే?" అంది కొమురమ్మ.

"ఎక్కువ ఎవరికో వాళ్ళు."

"మనుషుల్ని తూచే తరాజు నా చేతుల వెడుతున్నరు."

"ఇప్పటిదాకా కూడా మీ చేతుల్లోనే ఉంది కదా."

"ఉన్నది. కానీ నాకు కనవడకపోతుండె."

నమోదు 26

పనిచేస్తోంది. ఎంత అనుమానించి చూసినా అదే తేలుతోంది. పాత నెలలతో పోల్చాను, పక్క వార్డుతో పోల్చాను, రోగులు తేలికపాటివాళ్ళేమోనని చూశాను. కాదు. మొదటి గంట చావులు నిజంగానే పడిపోయాయి. కొమురమ్మ పేరు చెప్పినవాళ్ళలో చాలామందికి ఆ గంటలోనే ఏదో ఒకటి అవుతోంది, పక్కన మనిషి ఉండడం వల్ల బతుకుతున్నారు. ఆమె కన్ను అలాంటిది.

కాని మనుషులకి సంగతి తెలిసిపోయింది. అప్పగింత వేళకి రోగుల తాలూకువాళ్ళు తలుపు అవతల గుమిగూడుతున్నారు. పేరు వినబడితే ఒకామె గోడకి జారి ఏడుస్తుంది. వినబడకపోతే ఇంకొకామె కొమురమ్మ చెయ్యి పట్టుకుని, "మా ఆయన పేరు ఎందుకు చెప్పవు వదినా, నీకేం అన్యాయం చేసినం" అంటుంది. నిన్న ఎవరో ఆమె గిన్నెలో రెండు గుడ్లు పెట్టి వెళ్ళారు. ఎవరు పెట్టారో తెలియక, తింటే ఎవరికి బాకీ పడుతుందో తెలియక, ఆమె వాటిని అలాగే ఉంచేసింది. ఇప్పుడు ఎవరితోనూ కలిసి తినడం లేదు. బట్టలు ఆరేసే తాళ్ళ చాటున కూర్చుని తింటోంది.

నేను వెళ్ళి పక్కన కూర్చుందామనుకున్నాను. నాతో కూర్చుంటే ఆమెని ఇంకేమంటారో అని వెనక్కి వచ్చేశాను. ఆ కారణం నిజమో, నాకు మొహం చెల్లకపోవడం నిజమో.

నమోదు 29

హైమని ఆరో మంచంలో చేర్చారు.

పంకా బేరింగ్ పొద్దున కాలిపోయింది. పొగ నిండిన గదిలో బేరింగ్ మార్చి, పంకా మళ్ళీ తిరిగాకే బయటికొచ్చింది. ముక్కుపుటాల్లో మసి, గొంతు బొంగురు. హైమకి ముందు షిఫ్టు వాడు పోచయ్య తలుపు దగ్గర ఏడుస్తూ నిలబడ్డాడు. బేరింగ్ రాత్రి నుంచే చప్పుడు చేస్తోందట.

"హైమకి చెప్పలేదా?" అన్నాను.

"ఫోర్మన్‌కి చెప్పిన మేడం. హైమక్కకు..." ఆగిపోయాడు. ఏం చెప్పి ఉంటాడో నాకు తెలుసు. నా రూలు వార్డు తలుపు దాటి బయటికి పోలేదు. పంకా ఇంటికి కూడా పెట్టాలని నాకెందుకు తట్టలేదు? అక్కడ అప్పగించేది యంత్రాన్నే కదా అనుకున్నానేమో.

"అప్పడం కాలిపోయిందే అక్కా" అంది హైమ నన్ను చూసి. గొంతు కోడిపెట్టలా ఉంది.

నమోదు 30

పక్కన ఏడో మంచంలో గట్టయ్య. కప్పు రాయి పడి పక్కటెముకలు విరిగాయి, ఛాతీలోంచి రక్తం బయటికి పోవడానికి ట్యూబు పెట్టారు. వార్డు మొత్తంలో అంత నోరున్న మనిషి లేడు. గంజి నీళ్ళగా ఉందని తిట్టాడు, దుప్పటి గుచ్చుతోందని తిట్టాడు, హైమ దగ్గుతుంటే "ఓ పిల్లా, జర మెల్లగ దగ్గు, నిద్రవడ్త" అని కసిరాడు.

"నువ్వు మెల్లగా తిట్టు మావా, నేను మెల్లగా దగ్గుతా" అంది హైమ. ముసలాయన ఆ దెబ్బకి నవ్వి, నొప్పికి మళ్ళీ తిట్టాడు.

మధ్యాహ్నం అప్పగింతకి ముందు కొమురమ్మ నన్ను బట్టలు ఆరేసే తాళ్ళ చాటుకి పిలిచింది.

"మేడం, గట్టయ్య ట్యూబు రెండుసార్లు మూసుకపోయింది. మళ్ళ మూసుకపోతది. చూసుకోకపోతే గడియల పోతడు. మీ చెల్లె గొంతు వాస్తున్నది. వాపు ఆగితే ఆగొచ్చు. ఆగకపోతే అది గూడ గడియల పనే." నా కళ్ళలోకి చూసింది. "నాకు గట్టయ్యకే ఎక్కువ భయమైతున్నది. కానీ మీరు చెప్పుండ్రి. హైమ పేరు చెప్పమంటే చెప్త. మీకు తప్ప ఎవలకు తెల్వది."

"ఇద్దరి పేర్లూ..." అన్నాను. నోట్లోంచి వచ్చేసింది.

ఒక్క పేరే అన్నది నేనే.

"నీ కంటికి ఏది కనబడిందో అదే చెప్పు" అన్నాను చివరికి.

సరైన మాటే. కాని ఆ క్షణాన నేను ఎందుకు అన్నానో ఇప్పుడు తెలియడం లేదు. నమ్మి అన్నానా, కొమురమ్మ ముందు చిన్నబోలేక అన్నానా. గంటసేపు నేనే హైమ పక్కన కూర్చుంటానని తలుపు దగ్గర అడిగాను. కాపలా మనిషి తల అడ్డంగా ఊపాడు: అప్పగింత అయ్యాక వార్డులో నర్సు ఒక్కరే. గాలి లెక్క. చాలామంది భార్యలకీ తల్లులకీ అతను అదే చెప్పాడు, నేను చూస్తుండగానే.

గట్టయ్య పేరు వినబడింది. రాజేశం తిరిగి చెప్పాడు, "ఏడో మంచం." తలుపు మూశారు.

నమోదు 31

హైమ పోయింది. మొదటి గంట పూర్తి కాకముందే.

ఏం జరిగిందో రాజేశం చెప్పాడు. చెప్పినట్టే రాస్తాను. గట్టయ్య ట్యూబు మూసుకుపోయింది. రక్తపు గడ్డని పిండి తీస్తుంటే మళ్ళీ మూసుకుపోయింది. రాజేశం రెండు చేతులూ ట్యూబు మీదే. వెనక ఆరో మంచం ఇనప పట్టీ మీద చెంచా చప్పుడైంది. టక్, టక్ అని.

"మెడ తిప్పి చూసిన మేడం. హైమక్కా ఏమైందక్కా అన్న. నా చేతులు చూసింది, గట్టయ్యను చూసింది. నవ్వింది. కింద సల్లగున్నది తమ్మీ అన్నది."

రాజేశం తన చేతులు చూసుకున్నాడు.

"వార్డుల ఆ మాట విని ఎన్నాళ్ళాయె. నాకు నవ్వొచ్చింది. సల్లగుండాలె అక్కా అని మళ్ళ ట్యూబు వట్టుకున్న. చెంచా చప్పుడు మళ్ళ రాలె. గట్టయ్యకు ఊపిరి అందినంక లేచి చూసిన..." ముఖం తుడుచుకున్నాడు. "ఆ మాట అన్నంక మళ్ళ ఎట్ల అడుగుత మేడం?"

నర్సుల నోట్లోంచి ఆ మాట తీసేశాను. రోగి నోట్లో ఉంటుందని నాకు తోచలేదు.

అది ఎందుకు అందో ఎన్ని విధాలుగా అనుకున్నానో. వేళాకోళమా? ఊపిరాడక పిలిచి, ముసలాయన రంగు చూసి వెనక్కి తగ్గిందా? లేక నిజంగానే ఆ క్షణాన కాస్త తేలిగ్గా ఉందా? గొంతు పూర్తిగా మూసుకుపోయే ముందు ఒక్కోసారి అలా ఉంటుందని డాక్టరు అన్నాడు. అది నన్ను ఓదార్చడానికేమో. దేనికీ రుజువు లేదు.

నమోదు 34

కమిటీ పిలిచింది. ఈ నెల మొదటి గంటలో చావు ఒక్కటే అన్నారు. ఇంత మంచి నెల ఎప్పుడూ లేదట. పద్ధతిని అన్ని వార్డులకీ పెడతామన్నారు. లెక్క చదివినాయనకి ఆ ఒక్కటీ ఎవరో తెలియదు. తెలిసినాయన ఆయన మోచెయ్యి గిల్లాడు.

వద్దని అనలేకపోయాను. వద్దనడానికి నా దగ్గర ఉన్నది ఒక్క మనిషి. అటువైపు బతికినవాళ్ళ పేర్లు నాకు తెలియవు గాని, వాళ్ళు ఇళ్ళకి వెళ్ళి అన్నం తింటున్నారు. గట్టయ్య కూడా వెళ్తాడు. నిన్న నన్ను పిలిచి, "మీ చెల్లె మంచం వట్టిగున్నది, చూడవుద్ది అయితలేదు. నన్ను వేరే తాన వెయ్యిమను" అని కసిరి, అటు తిరిగి పడుకున్నాడు.

ఒక్కటి మాత్రం చేర్పించాను: ఎవరు 'చల్లగుంది' అన్నా, రోగి అన్నా సరే, ఇంకోసారి అడగాలి. కొమురమ్మ అది విని, "అడుగుతం మేడం. కానీ ఇంక ఎవలూ అనరు" అంది.

ఇవాళ ఆమె డ్యూటీ దిగుతూ తలుపు దగ్గర ఆగింది. చెయ్యి రాజేశం భుజం దాకా వెళ్ళింది. అనడానికి మాట లేదు. చెయ్యి వెనక్కి తీసుకుని వెళ్ళిపోయింది.

నమోదు 36

ఇది నా చివరి నమోదు. ఇక్కడ పనిచేసే మనిషి పోతే షిఫ్టు ఇంట్లోవాళ్ళకి వస్తుంది. గని నాటి పద్ధతి. ఇంటికొచ్చే తిండిగింజలు ఆగకూడదని పెట్టారు. మా ఇంట్లో ఉన్నది నేనే, హైమ షిఫ్టు నాకొచ్చింది. బేరింగులకి గ్రీజు పెట్టడం పోచయ్య నేర్పుతున్నాడు. రెండు చేతులతో పట్టాల్సిన రెంచి ఒంటిచేత్తో పట్టి తిట్లు తింటున్నాను.

ఇవాళ మధ్యాహ్నం నా మొదటి షిఫ్టు. పోచయ్య పంకా గది నిచ్చెన ఎక్కి పైకొచ్చాడు, బనియను పిండితే చెంబుడు నీళ్ళు వచ్చేలా ఉంది. నన్ను చూసి ముఖం సర్దుకున్నాడు.

"కింద సల్లగున్నది మేడం. పోండ్రి."

హైమ చెప్పింది నిజమే. ఆ మాట వినగానే నా కాలు తనంతట తనే మొదటి మెట్టు మీదికి వెళ్ళింది. చల్లగుండాలి అని నోటిదాకా వచ్చింది. అనేస్తే అయిపోయేది. పోచయ్య ఇంటికెళ్ళి పడుకునేవాడు.

"బేరింగ్ ఎలా ఉంది?" అన్నాను.

అతని ముఖం మాడిపోయింది. "సల్లగున్నదంటి గదా."

"విన్నాను. బేరింగ్ ఎలా ఉంది పోచయ్యా?"

నిచ్చెన పక్క పట్టీ పట్టుకుని నిలబడ్డాడు. నా వైపు చూడలేదు. "చప్పుడు చేస్తున్నది" అన్నాడు. "కొత్తదే. పొద్దటి సంది. నాకు భయమైతున్నది."

"సరే" అన్నాను.

అతను వెళ్ళిపోయాడు. నేను దిగాను. సగం దిగేసరికి ఆ చప్పుడు నాకూ వినిపించింది.